పాత కారు ఇంజన్ పట్టేసిందా? దింపే ముందు ఎక్కడ పట్టేసిందో తేల్చుకోండి

ఏళ్ల తరబడి కదలకుండా నిలబడిపోయిన కారుకి కొత్త బ్యాటరీ పెట్టి సెల్ఫ్ కొడతాం. ఒక్కసారి "టక్" మంటుంది, లైట్లు డల్ అయిపోతాయి, అంతే. పక్కన నిలబడి చూస్తున్నవాళ్లలో ఎవరో ఒకరు "ఇంజన్ సీజ్ అయింది, దింపాల్సిందే" అనేస్తారు. దయచేసి ఆ ఒక్క మాట మీద ఇంజన్ దింపకండి. సీజ్ అయింది అంటే క్రాంక్ షాఫ్ట్ (పిస్టన్ల కదలికతో తిరిగే ఇంజన్ ప్రధాన ఇరుసు) తిరగట్లేదని మాత్రమే అర్థం, ఎందుకు తిరగట్లేదో ఇంకా తేలలేదు. తుప్పు కావచ్చు, వేడికి అతుక్కుపోయిన బేరింగ్ కావచ్చు, సిలిండర్లో చేరిన నీళ్లు కావచ్చు, కార్బ్యురేటర్‌లోంచి జారిపడిన చిన్న నట్టు కావచ్చు, లేదంటే ఇంజన్ లోపల అంతా బాగానే ఉండి దానికి బిగించిన సెల్ఫ్ మోటారో గేర్‌బాక్సో పట్టేసి ఉండొచ్చు. ఒక్కోదానికి వైద్యం ఒక్కోటి.

బలం ఉపయోగించడం ఎందుకు వద్దంటానంటే, పట్టేసిన ఇంజన్ని బలవంతంగా తిప్పితే కారణాన్ని చెప్పే ఆనవాళ్లు కూడా పోతాయి. తుప్పుతో అతుక్కున్న పిస్టన్ రింగు విరిగి బోరును, అంటే సిలిండర్ లోపలి గోడను గీరేస్తుంది, ఇరుక్కున్న వాల్వును తోసే పుష్ రాడ్ అనే సన్నటి కడ్డీ వంగిపోతుంది, ఆ తర్వాత ఇందులో ముందునుంచీ ఉన్న జబ్బు ఏది, మనం తెచ్చిపెట్టింది ఏది అని ఎంత అనుభవమున్న మెకానిక్ అయినా చెప్పలేడు. అందుకే ఈ వరుస: ముందు అడగడం, తర్వాత చూడడం, ఆ తర్వాత బయటి భాగాలను ఒక్కొక్కటిగా తప్పించడం, చివరికే చేత్తో తిప్పి చూడడం.

మొదలుపెట్టే ముందు

కారును ఇంకో బండికి కట్టి లాగి గేరులో వేయడం, సెల్ఫ్ మళ్లీ మళ్లీ కొట్టడం, రెండూ వద్దు. తిరగని ఇంజన్ మీద సెల్ఫ్ కొడితే కరెంటంతా వేడిగా మారి ముందు వైర్లు, తర్వాత మోటారు కాలిపోతాయి. బ్యాటరీ తీసేయండి. తీసేటప్పుడు ఎర్త్ కేబుల్ ముందు తీయాలి, కానీ ఎర్త్ అంటే ఎప్పుడూ నెగెటివ్ అనుకోవద్దు. పాత బ్రిటిష్ కార్లలో చాలావాటికి పాజిటివ్ టెర్మినలే ఎర్త్. ఏ కేబుల్ బాడీకి బిగించి ఉందో కళ్లతో చూసి అది తీయండి. చక్రాలకు ముందూ వెనకా అడ్డు పెట్టండి.

ఈ కారు ఎలా ఆగిపోయింది?

ఈ ఒక్క ప్రశ్నకు నిజమైన జవాబు దొరికితే సగం పని అయినట్టే. బాగా నడుస్తున్న కారునే పక్కన పెట్టేశారా, లేక నడుస్తూ నడుస్తూ ఆగిపోయిందా?

బాగా నడిచిన కారు నిలబడి నిలబడి పట్టేసిందంటే అనుమానం తుప్పు మీదికి, నీళ్ల మీదికి, జిగురుగా మారిన పాత పెట్రోలు మీదికి వెళ్లాలి. ఇవి చాలావరకు బాగయ్యేవే. నడుస్తూ ఆగిపోయిందంటే ఆయిల్ అందక బేరింగ్ పట్టడం, వేడెక్కి పిస్టన్ బోరుకు రాసుకోవడం, వాల్వు విరిగి పడడం లాంటివి. ఆగే ముందు కింద నుంచి టకటకమని దెబ్బలు కొట్టినట్టు శబ్దం వచ్చిందా, టెంపరేచర్ ముల్లు పైకెక్కిందా, ఆగాక చల్లారితే మళ్లీ తిరిగిందా అని అడగండి. వేడికి వ్యాకోచించి పట్టిన అల్యూమినియం పిస్టన్ చల్లారాక చాలాసార్లు దానంతటదే వదులుతుంది, అతుక్కుపోయిన బేరింగ్ అలా వదలదు. కారు అమ్మినవాళ్లు "బాగానే నడిచేది" అని చెప్పడం మామూలే కాబట్టి ఆ మాటను రాసిపెట్టుకుని, ఇంజన్ ఇచ్చే సాక్ష్యంతో సరిపోల్చుకోండి.

చేయి పెట్టకముందు చూడాల్సినవి

డిప్ స్టిక్ తీయండి. ఆయిల్ ఉండాల్సిన గీత కంటే బాగా పైకి ఉంటే అందులో ఇంకేదో కలిసింది. పెట్రోలు వాసన వస్తే కార్బ్యురేటర్ ఫ్లోట్ లేదా ఫ్యూయల్ పంపు లీకయింది, పాల టీ రంగులో ఉంటే నీళ్లు. ఫోర్డ్ మోడల్ టీ లాంటి వాటికి డిప్ స్టిక్కే ఉండదు, ఆయిల్ చూడడానికి కింద రెండు చిన్న కుళాయిలుంటాయి.

డిప్ స్టిక్ అన్నీ చెప్పదు. నీళ్లు ఆయిల్ కంటే బరువు, అవి అడుగున ఉంటాయి. అందుకే ఆయిల్ చాంబర్ కింద ఒక గిన్నె పెట్టి డ్రెయిన్ బోల్టును పూర్తిగా తీయకుండా, దారం మీద నెమ్మదిగా వదులు చేస్తూ రండి. చివరి దారం దగ్గర వేలితో బోల్టును నొక్కి పట్టుకుని కాస్త సందు ఇస్తే మొదట వచ్చే చుక్కలు చూడాలి. ఆయిల్ మాత్రమే ఉంటే నల్లగా, బద్ధకంగా తీగలా సాగుతుంది. నీళ్లుంటే ముందు తేటగానో తుప్పు రంగులోనో గబగబా నాలుగు చుక్కలు జారి, కాసేపు ధారగా కారి, ఆ తర్వాత ఉన్నట్టుండి నల్ల ఆయిల్ మొదలవుతుంది. ఆ మార్పు కళ్లారా చూస్తే ఇక సందేహం ఉండదు. ఎన్ని నీళ్లు వచ్చాయో కొలిచి రాసుకోండి. రేడియేటర్ కూడా ఖాళీగా ఉంటే ఆ నీళ్లు హెడ్ గ్యాస్కెట్ గుండానో పగుళ్ల గుండానో వచ్చి ఉండొచ్చు. రేడియేటర్ నిండుగానే ఉంటే వాననీళ్లు కార్బ్యురేటర్ మీదుగానో సైలెన్సర్ మీదుగానో దిగి ఉండొచ్చు.

బ్లాకు పక్కన గుండ్రంగా ఉండే కోర్ ప్లగ్గులు (లోపలి నీటి దారి రంధ్రాలను మూసే లోహపు బిళ్లలు) తుప్పుపట్టి చిల్లులు పడ్డాయా, బయటికి తోసుకొచ్చాయా చూడండి. చలి ప్రాంతంలో నిలబడిన కారైతే లోపలి నీళ్లు గడ్డకట్టి బ్లాకు పగిలి ఉండొచ్చు. ఎయిర్ క్లీనర్ విప్పి చూడడం మర్చిపోవద్దు. ఎలుకలు గూడు పెట్టిన ఎయిర్ క్లీనర్ కింద వాల్వు తెరిచి ఉండిపోతే చెత్తంతా సిలిండర్లోకే దిగుతుంది, ఎలుక మూత్రం ఇనుమును తినేస్తుంది.

ఇంజన్ బయట పట్టేసిందేమో

ఇది చాలామంది వదిలేసే అడుగు. ఫ్యాన్ బెల్ట్ తీసేయండి. డైనమో పుల్లీ, వాటర్ పంపు పుల్లీ ఒక్కొక్కటి చేత్తో తిప్పి చూడండి. వాటర్ పంపు తుప్పుపట్టి బిగుసుకోవడం మామూలే. బెల్ట్ తీశాక ఇంజన్ చేత్తో తిరిగితే (తిప్పే పద్ధతి కింద ఉంది) అక్కడితో అయిపోయింది.

తర్వాత గేర్‌బాక్స్. గేర్ లివర్ న్యూట్రల్‌లో ఉన్నట్టు కనిపించినా లోపల గేరు పడే ఉండొచ్చు. వెనక చక్రాలతో నడిచే కారైతే వెనక భాగాన్ని ఎత్తి, జాకీ మీద వదిలేయకుండా గట్టి స్టాండ్ల మీద నిలిపి, కిందున్న ప్రొపెల్లర్ షాఫ్ట్‌ను చేత్తో తిప్పి చూడండి. చక్రం తిప్పి చూస్తే చాలదు, ఒక చక్రం తిప్పితే ఎదుటి చక్రం వెనక్కి తిరిగిపోయి షాఫ్ట్ కదలకుండానే మనల్ని మోసం చేస్తుంది. న్యూట్రల్‌లో షాఫ్ట్ తిరగకపోతే బ్రేకులు పట్టేశాయేమో, గేరు పడి ఉందేమో తేల్చాలి. షాఫ్ట్ హాయిగా తిరిగినా గేర్‌బాక్స్ ముందు వైపు బేరింగ్ పట్టి ఉండొచ్చు కాబట్టి ఒకరు క్లచ్ నొక్కి పట్టుకోగా ఇంజన్ను మళ్లీ తిప్పి చూడండి. నిలబడిపోయిన కార్లలో క్లచ్ ప్లేటు ఇంజన్ వెనకుండే బరువైన చక్రమైన ఫ్లైవీల్‌కు అంటుకుపోతుంది, అప్పుడు పెడల్ నొక్కినా ఇంజన్, గేర్‌బాక్స్ విడిపోవు, అది కూడా లెక్కలో ఉంచుకోండి.

ఇక సెల్ఫ్ మోటారు. పాతకాలం సెల్ఫ్ మోటార్లలో పళ్ల చక్రం మోటారు తిరిగే వేగానికి మర మీద జారి వచ్చి ఫ్లైవీల్ పళ్లను పట్టుకుంటుంది. తుప్పో మురికో ఉంటే అది పళ్ల మధ్య ఇరుక్కుని వెనక్కి రాదు, ఇంజన్ మొత్తాన్ని కట్టేసినట్టు పట్టుకుంటుంది. నేను చూసిన ఒక మోరిస్ మైనర్‌కు ఇలాగే జరిగింది. దాని యజమాని అప్పటికే ఇంజన్ దింపడానికి మౌంటింగ్ బోల్టులు వదులు చేసేశారు. ఆ లూకాస్ సెల్ఫ్ వెనక చిన్న మూత ఉంటుంది, అది ఊడదీస్తే షాఫ్ట్ కొస చతురస్రంగా కనిపిస్తుంది. చాలా లూకాస్ మోటార్లకు ఉంటుంది ఈ ఏర్పాటు. దానికి స్పానర్ తగిలించి మెల్లగా బిగువు ఇస్తే మొదట ఏమీ కదల్లేదు, ఇంకాస్త ఇవ్వగానే లోపల "ఠంగ్" మని ఒక్క శబ్దం వచ్చి స్పానర్ చేతిలో తేలిపోయింది. ముందుకు వచ్చి పుల్లీ మీద చేయి వేస్తే ఇంజన్ మెత్తగా తిరిగింది. ఆ యజమాని ముఖం నాకు ఇప్పటికీ గుర్తే. మీ మోటారుకు ఆ చతురస్రం లేకపోతే రెండు బోల్టులు విప్పి మోటారునే తీసేయండి, ఎలాగూ ఫ్లైవీల్ పళ్లు కూడా చూడాలి.

ప్లగ్గులు తీసి చదవండి

స్పార్క్ ప్లగ్గుల చుట్టూ ఉన్న మట్టిని ముందే ఊది శుభ్రం చేయండి, లేకపోతే అదంతా లోపలికి పోతుంది. తుప్పుపట్టిన ప్లగ్గును ఒకేసారి లాగకండి. తుప్పు వదిలించే ఆయిల్ వేసి రాత్రంతా ఉంచి, కొంచెం వదులు, కొంచెం బిగువు అన్నట్టు ముందుకూ వెనక్కూ ఆడిస్తూ తీయండి. తీసిన వరుసలోనే సిలిండర్ నంబర్లు వేసి పక్కన పెట్టండి. మూడు ప్లగ్గులు నల్లగా పొడిగా ఉండి ఒక్కటే ఎర్రగా తుప్పుపట్టి వస్తే దొంగ ఏ సిలిండర్లో ఉన్నాడో దాదాపు తెలిసినట్టే. ఎలక్ట్రోడ్ నలిగిపోయి ఉంటే ఆ సిలిండర్లో ఏదో గట్టి వస్తువు తిరిగింది.

ఫోన్‌కు తగిలించే సన్నటి ఎండోస్కోప్ కెమెరా ఉంటే ఇక్కడే వాడాలి. బోరు గోడ మీద తుప్పు ఎక్కడ దాకా ఉంది, పిస్టన్ మీద నీళ్లు నిలిచిన గీత ఉందా, ఏ వాల్వు తెరిచి ఉంది, గోడ మీద వెండిలా మెరిసే నిలువు మరకలున్నాయా చూడండి. ఆ మెరిసేవి పిస్టన్ నుంచి ఊడి అంటుకున్న అల్యూమినియం, వేడెక్కి పట్టిందనడానికి గుర్తు. సైడ్ వాల్వు ఇంజన్లలో (వాల్వులు హెడ్డులో కాక సిలిండర్ పక్కన బ్లాకులో ఉండేవి) కొన్నింటికి ప్లగ్గు రంధ్రం పిస్టన్ మీద కాకుండా వాల్వుల మీద ఉంటుంది, అక్కడ కెమెరాను వంచి చూడాలి. గాలితో చల్లబడే పాత ఫోక్స్‌వాగన్ బీటిల్ అయితే 3వ సిలిండర్‌ను ముందు చూడండి. పాత డిజైన్‌లో ఆయిల్ కూలర్ అడ్డుగా ఉండి ఆ సిలిండర్‌కు గాలి తక్కువ అందేది, ఎగ్జాస్ట్ వాల్వు విరగడానికి అది పేరుపడిన చోటు.

చేత్తో తిప్పి చూడడం

ప్లగ్గులన్నీ బయటే ఉంచండి. గేరు న్యూట్రల్. క్రాంక్ పుల్లీ బోల్టుకు సరిపోయే సాకెట్, అర మీటరు పొడవు హ్యాండిల్ చాలు. దానికి పైపు తొడిగి పొడవు పెంచే పని పెట్టుకోవద్దు. కారుకు స్టార్టింగ్ హ్యాండిల్ ఉంటే అది ఇంకా మంచిది, అయితే బొటనవేలు హ్యాండిల్ చుట్టూ చుట్టకుండా మిగతా వేళ్ల పక్కనే ఉంచండి. ప్లగ్గు రంధ్రాల మీద పాత గుడ్డ కప్పండి, మీ మొహాన్ని ఆ రంధ్రాల మీదికి వంచొద్దు. లోపల నీళ్లో పెట్రోలో ఉంటే పిచికారీలా పైకి లేస్తుంది, అది పెట్రోలైతే దగ్గర్లో నిప్పు ఉండకూడదు.

పుల్లీ మీద, ఎదురుగా బ్లాకు మీద సుద్దతో ఒకే గీత గీయండి. ఇంజన్ మామూలుగా తిరిగే వైపే నెమ్మదిగా, ఒక చేతి బలంతో బిగువు ఇవ్వండి. ఇప్పుడు మీ చేతికి తెలిసేదే ఈ మొత్తం పరీక్షలో అన్నిటికంటే విలువైన సమాచారం.

ప్లగ్గులు తీయగానే తిరిగిపోయి రంధ్రంలోంచి ద్రవం చిమ్మితే అది సీజ్ కాదు, సిలిండర్లో నీళ్లో పెట్రోలో నిండడం వల్ల ఆగింది. ద్రవాన్ని పిస్టన్ నొక్కలేదు కదా. అది ఎక్కడ నుంచి వచ్చిందో కనుక్కోవాలి, ఈలోగా సెల్ఫ్ ఎవరైనా గట్టిగా కొట్టి ఉంటే పిస్టన్ను క్రాంక్ షాఫ్ట్ తో కలిపే కనెక్టింగ్ రాడ్ వంగిందేమో కూడా చూసుకోవాలి.

కొంత దూరం మెత్తగా తిరిగి, ఒక చోట గోడకు కొట్టుకున్నట్టు "టంగ్" మని ఆగి, వెనక్కి తిప్పితే మళ్లీ మెత్తగా వచ్చి ఇంకో చోట అలాగే ఆగితే, దారిలో ఏదో అడ్డం ఉంది. విరిగిన వాల్వు, లోపల పడ్డ నట్టు, తెగి ముడతపడిన టైమింగ్ చైన్. రెండు ఆగే చోట్లా సుద్ద గీతలు పెట్టుకోండి. నాలుగు సిలిండర్ల వరుస ఇంజన్లలో 1, 4 పిస్టన్లు కలిసి పైకి వస్తాయి, 2, 3 కలిసి వస్తాయి. ఆగిన చోట ఏ జంట పైన ఉందో చూస్తే వెతకాల్సిన సిలిండర్లు రెండుకు తగ్గుతాయి.

బిగువు ఇస్తే ఒకటి రెండు డిగ్రీలు రబ్బరులా సాగి, వదలగానే వెనక్కి వచ్చేస్తే అది తుప్పుతో పట్టిన రింగులు కావడానికే ఎక్కువ అవకాశం. అసలు కొండలా, ఒక వెంట్రుక వాసి కూడా ఇవ్వకపోతే గట్టి తుప్పు, లేదా బేరింగ్. ఈ రెండింటినీ చేతి స్పర్శతో విడదీయలేం, మొదట్లో అడిగిన కథ ఇక్కడే పనికొస్తుంది.

ఇంకొకటి. పుల్లీ కదిలిందని సంతోషపడే ముందు ఫ్లైవీల్ కూడా కదిలిందా చూడండి. పుల్లీని క్రాంక్‌కు పట్టి ఉంచే చిన్న కీ తెగిపోతే పుల్లీ ఒక్కటే తిరుగుతుంది. క్రాంక్ తిరుగుతూ డిస్ట్రిబ్యూటర్ రోటర్ తిరగకపోతే టైమింగ్ చైనో గేరో పోయింది, ఇక తిప్పడం ఆపేయండి.

వాల్వుల వంతు

ట్యాపెట్ కవర్ తీయండి. వాల్వులన్నిటి తలల ఎత్తూ పోల్చి చూడండి. రాకర్ (వాల్వును నొక్కే చిన్న చేయి) వదులుగా ఉండి వాల్వు మాత్రం కిందికి దిగి ఉంటే అది ఇరుక్కుపోయింది, పాత పెట్రోలు జిగురు అలా చేస్తుంది. రాకర్ షాఫ్ట్ బోల్టులను అన్నీ సమానంగా కొంచెం కొంచెం వదులు చేసి షాఫ్ట్‌ను ఎత్తి తీసేస్తే వాల్వుల భారం క్రాంక్ మీద ఉండదు. అప్పుడు ఇంజన్ తిరిగితే తప్పు పై భాగానిది. పుష్ రాడ్లను వరుస తప్పకుండా తీసి అద్దం మీద దొర్లిస్తే వంగినవి తెలిసిపోతాయి. 1932లో వచ్చిన ఫోర్డ్ ఫ్లాట్‌హెడ్ వీ8 లాంటి వాటిలో వాల్వులు బ్లాకులోనే ఉంటాయి కాబట్టి ఈ సౌకర్యం లేదు, హెడ్డు తీసేదాకా కెమెరాయే దిక్కు.

నానబెట్టడం కూడా పరీక్షే

తుప్పు మీదే అనుమానం నిలిస్తే ప్రతి సిలిండర్లోనూ ఒకే కొలతగా, 50 మిల్లీలీటర్ల చొప్పున, తుప్పు వదిలించే ఆయిల్ పోయండి. ఏటీఎఫ్ (ఆటోమేటిక్ గేర్ బాక్స్ ఆయిల్), అసిటోన్ సగం సగం కలిపి వాడేవాళ్లు చాలామంది ఉన్నారు, పనిచేస్తుంది, కానీ అవి రెండూ విడిపోతుంటాయి కాబట్టి పోసే ముందు బాగా కుదపాలి. అసిటోన్ ఆవిరికి ఇట్టే నిప్పంటుకుంటుంది, గాలి ఆడే చోటే చేయండి, దీపం, సిగరెట్, వెల్డింగ్ ఏదీ దగ్గర వద్దు.

మర్నాడు కెమెరాతో చూసి ఏ సిలిండర్లో ఎంత మిగిలిందో రాసుకోండి. వాల్వులు రెండూ మూసి ఉన్న సిలిండర్లో ద్రవం ఇంకిపోతే అది రింగుల సందుల్లోంచి దిగింది, అక్కడ ఆశ ఉంది. చెక్కుచెదరకుండా నిలిచే ఉంటే ఆ రింగులను తుప్పు మూసేసి ఉండొచ్చు. రోజుకొకసారి రెండు వైపులా కొద్దిగా బిగువు ఇచ్చి వదలండి. వారం పట్టొచ్చు, నెల కూడా పట్టొచ్చు. తొందరపడి పిస్టన్ నెత్తిన సుత్తితో కొట్టినవాళ్లు రింగు పట్టే గాడిని విరగ్గొట్టుకోవడం నేను రెండుసార్లు చూశాను.

ఆయిల్ చాంబర్ విప్పితే

నడుస్తూ ఆగిన కారైతే నానబెట్టడం కంటే ముందు ఇక్కడికే రండి. చాంబర్ అడుగున ఉన్న బురదను తెల్ల గుడ్డ మీద పరిచి అయస్కాంతం తిప్పండి. అంటుకునేది ఇనుము, ఉక్కు. అంటుకోని బూడిద రంగు రేకులు వైట్ మెటల్ (బేరింగ్ లోపలి పొరగా వాడే మెత్తటి మిశ్రలోహం) బేరింగువో పిస్టన్ అల్యూమినియమో, రాగి రంగులో ఉంటే బేరింగ్ పైపొర పోయి లోపలి పొర బయటపడింది. తర్వాత కనెక్టింగ్ రాడ్ల కింది కొసలు చూడండి, ఆయిల్ అందక కాలినది నీలంగా, నల్లగా రంగు మారి ఉంటుంది.

అలా ఏదీ కనిపించకపోతే ఒక్కో రాడ్డు కింది క్యాప్ నట్లు వదులు చేస్తూ ప్రతిసారీ క్రాంక్ తిప్పి చూడండి. ఏ క్యాప్ వదిలినప్పుడు క్రాంక్ కదిలిందో దోషి అదే. రాడ్ల క్యాప్‌లన్నీ వదిలినా కదలకపోతే మెయిన్ బేరింగులు చూడాలి. రాడ్ల క్యాప్‌లు తీయగానే క్రాంక్ స్వేచ్ఛగా తిరిగి, ఒక పిస్టన్ మాత్రం పైకీ కిందికీ రాకపోతే పట్టింది బోరులో. క్యాప్‌లు విప్పకముందే సెంటర్ పంచ్‌తో నంబర్లు కొట్టుకోండి, ఒకదాని క్యాప్ ఇంకొకదానికి బిగిస్తే కొత్త సీజ్ మనమే తయారుచేసినట్టు. మోడల్ టీ, మోడల్ ఏ కాలపు ఇంజన్లలో వైట్ మెటల్‌ను నేరుగా కరిగించి పోసేవారు, ఊడదీసి కొత్త షెల్స్ (విడిగా మార్చుకునే బేరింగ్ పొరలు) వేయడం కుదరదు, మళ్లీ పోయించి బోరు చేయించాలి. ఖర్చు అంచనా వేసేటప్పుడు అది గుర్తుంచుకోండి.

హెడ్డు తీయడం అన్నిటికంటే చివర. పాత హెడ్డు స్టడ్లు తుప్పుతో విరిగితే ఆ పని ఒక్కటే వారం తింటుంది, కాబట్టి కెమెరాతో తేలినదాన్ని హెడ్డు తీసి తేల్చుకోవద్దు.

కదిలితే వెంటనే స్టార్ట్ చేయకండి

వదులైన ఇంజన్ను ప్లగ్గులు లేకుండానే చేత్తో రెండు పూర్తి చుట్లు, అంటే 720 డిగ్రీలు తిప్పండి. ఫోర్ స్ట్రోక్ ఇంజన్లో అన్ని పిస్టన్లూ అన్ని వాల్వులూ ఒకసారి తమ పని పూర్తి చేసేది అప్పటికే. తిప్పేటప్పుడు ఇంకొకరు వాల్వులను చూస్తూ ఉండాలి, తెరుచుకున్న ప్రతిదీ మూసుకుంటోందా లేదా అని. ఏదో ఒక చోట ప్రతి చుట్టులోనూ అక్కడే బిగువుగా తగిలితే సుద్ద గీత పెట్టి, ఆ స్థితిలో కెమెరాతో మళ్లీ బోర్లు చూడండి.

సిలిండర్లలో పోసిన ఆయిల్ అంతా పీల్చి తీసేయాలి, అది మిగిలి ఉండగా ప్లగ్గులు బిగించి సెల్ఫ్ కొడితే మొదట చెప్పిన ద్రవం సమస్యే మళ్లీ వస్తుంది. పాత ఆయిల్ మొత్తం పారబోసి కొత్తది పోసి, ప్లగ్గులు బయటే ఉంచి సెల్ఫ్‌తో తిప్పుతూ గేజిలో ఆయిల్ ప్రెషర్ వచ్చేదాకా చూడండి. ఆ తర్వాత కంప్రెషన్ కొలవండి, ఒకసారి పొడిగా, ఒకసారి సిలిండర్లో చెంచాడు ఆయిల్ వేసి. తక్కువగా ఉన్న అంకె ఆయిల్ వేశాక బాగా పెరిగితే లోపం రింగుల్లో, పెరగకపోతే వాల్వుల్లో లేదా గ్యాస్కెట్‌లో. ఈ అంకెలు, డ్రెయిన్ చేసిన నీళ్ల కొలత, సుద్ద గీతలు ఆగిన చోట్లు, అన్నీ ఒకే కాగితం మీద ఉంచి, ఇంజన్ విప్పాల్సి వస్తే ఆ కాగితాన్ని విప్పేవాళ్ల చేతికి ఇవ్వండి.